కువాలా సెలంగోర్ మీద మేము రాసుకున్న పాఠం

తోట బడిలో పంతులమ్మగా చేరేనాటికి నాకు పంతొమ్మిదేళ్లు. కువాలా సెలంగోర్‌కి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న రబ్బరు తోట అది. మా నాన్న ఆ తోట ఆఫీసులోనే క్లార్కు. మలయ్ దేశంలో ఇంగ్లీషువాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు బియ్యం చేరకూడదని కూలీల ఇళ్లన్నీ ఒకచోటికి చేర్చి, చుట్టూ ముళ్లకంచె వేశారు. గేటు దగ్గర పోలీసులు సంచులు వెతికేవారు. పెద్దవాళ్లు పనికి వెళ్లి వచ్చేవారు. పిల్లలు మాత్రం కంచె దాటేవారు కాదు.

మా తెలుగు వాచకం ఇండియా నుంచి వచ్చింది. ఒకరోజు అందులోని గోదావరి పాఠం చెబుతుంటే, ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడింది. తొమ్మిదేళ్లుంటాయి.

“టీచరమ్మా, మనకి నది లేదేటి?”

“ఉంది. దగ్గరే.”

“ఎలగుంటాది? ఎక్కడికెళ్తాది?”

బస్సులో వెళ్తూ సెలంగోర్ నదిని ఎన్నోసార్లు చూశాను గానీ, దాని గురించి నాలుగు మాటలు చెప్పలేకపోయాను. ఎన్నడూ చూడని గోదావరి గురించి మాత్రం అరగంట చెప్పగలను. రేపు చెబుతానన్నాను. ఇంటికొచ్చాక కూడా సిగ్గు తగ్గలేదు.

ఆ సాయంత్రం నాన్నని అడిగాను. ఆయనకి చదివే అలవాటుంది. “కువాలా అంటే ఏటనుకున్నావు? నది సముద్రంలో కలిసే చోటు” అని మొదలుపెట్టాడు. ఊళ్లో కొండ మీద సుల్తానుల కోట ఉండేదనీ, డచ్చివాళ్లు ఓడల్లో వచ్చి దాన్ని పట్టుకున్నారనీ, మళ్లీ సుల్తానే దాన్ని తిరిగి తీసుకున్నాడనీ చెప్పాడు. ఫిరంగులు ఇంకా అక్కడే ఉన్నాయట. ఇంగ్లీషువాళ్లు వచ్చాక దీపస్తంభం కట్టారు.

తోట చరిత్ర చెప్పడానికి కూలీల ఇళ్ల లైన్లలో అందరికంటే పెద్దావిడని బడికి పిలిచాను. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లైన కొత్తలో ఓడెక్కి వచ్చింది. పిల్లలు పలకలు పట్టుకుని చుట్టూ కూర్చున్నారు.

“మేమొచ్చినప్పుడు ఇక్కడ సెట్లెక్కడున్నాయి? మోకాళ్లదాకా బురద. కాలవలు తవ్వినాం, నీళ్లు దిగినాక మొక్కలు నాటినాం. మీ బడి ఎనకాల కాలవ నా మొగుడు తవ్వినాడు. రాసుకోండి, అది కూడా రాసుకోండి.”

రాసుకున్నాం. తర్వాత ఒక పాత క్యాలెండరు వెనక పటం వేశాం. నది, కొండ, రోడ్డు, తోట, కాలువ. పిల్లలు తమకు బాగా తెలిసినవి ఇంకా శ్రద్ధగా వేశారు: కంచె, గేటు, రేషను కొట్టు.

నదీముఖం సరిగ్గా వచ్చిందో లేదో ఊళ్లో చూసి సరిచేద్దామని శనివారం పటం మడిచి సంచిలో పెట్టుకున్నాను. గేటు దగ్గర దొరికిపోయాను. కానిస్టేబులు దాన్ని విప్పి చూసి, నన్ను స్టేషనుకి తీసుకెళ్లాడు. కబురు అంది నాన్న సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

“బుద్ధుందా నీకు? ఈ రోజుల్లో పటాలేటి! అడవిలోవాళ్ల సేతిలో పడితే? ఏటి సేసినావు?”

సార్జెంటు మలయ్ మనిషి, నడివయసు. పటం బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. “చెగూ, ఇది ఎవరు వేశారు?” అని మలయ్‌లో అడిగాడు. అక్కడ టీచర్ని చెగూ అనే పిలుస్తారు.

“పిల్లలు. మా ఊరి పాఠం కోసం.”

“ఇది తప్పు.”

ఆయన పెన్సిలు తీసి, నది చివర మేము గీసిన తిన్నని గీత పక్కన మరో గీత గీశాడు. “ఇక్కడ వంపు తిరుగుతుంది. మా నాన్న జాలరి. ఆ వంపు దగ్గరే పడవ కట్టేవాడు.” మడ అడవి ఎక్కడ మొదలవుతుందో, పోటు ఎంతదాకా వస్తుందో కూడా గుర్తుపెట్టాడు. ఆ తర్వాత కంచెనీ గేటునీ రేషను కొట్టునీ రబ్బరుతో తుడిచేశాడు. “ఇవి కాగితం మీద ఉండకూడదు. మిగతాది చెప్పుకోండి.”

బయటికొచ్చాక సంతోషించానా అంటే, సగమే. పిల్లలు రోజూ చూసేదాన్నే పాఠంలోంచి తీసెయ్యాల్సి వచ్చింది కదా అని మనసులో ముల్లులా గుచ్చుకుంది. నాన్న మాత్రం దారిలో సైకిలు ఆపి పటం అడిగి తీసుకున్నాడు. “వంపు నిజమే. నేనెప్పుడూ గమనించలేదు” అన్నాడు. ఇక తిట్టలేదు.

మెర్డెకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, దగ్గరపడుతుండగా మా ప్రాంతంలో ఆంక్షలు ఎత్తేశారు. ఆ వారమే మేనేజరుని లారీ అడిగి, పిల్లలందర్నీ కొండ మీదికి తీసుకెళ్లాను. సముద్రం కనబడగానే అందరూ ఫిరంగుల దగ్గరికి పరిగెత్తారు. నదిని అడిగిన పిల్లే ముందుగా నావైపు తిరిగింది.

“నీలంగా ఉంటాదని సెప్పినారు! ఇది బురదలాగున్నాది.”

“నది తెచ్చిన మట్టి అది.”

ఆ పిల్ల కొంచెం ఆలోచించి, “అయితే మన మట్టే” అని, ఫిరంగి మీదికెక్కి కూర్చుంది.

మర్నాడు బడి దగ్గర తల్లులు నన్ను చుట్టుముట్టారు. “పిల్లలకే సూపిస్తావేటి టీచరమ్మా? ఇన్నేళ్లు ఇక్కడే రబ్బరు పాలు తీసినాం, మేం సూడొద్దా?”

మళ్లీ లారీ అడగడానికి మొహం చెల్లలేదు. ఆదివారం పొద్దున్నే అందరం నడిచే వెళ్లాం. నాలుగు మైళ్లూ వాళ్లు నవ్వుతూనే ఉన్నారు.