అంకెల్లేని దారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బేరం ఆడకుండా అన్నం ముద్ద కూడా ఎవరూ నోట్లో పెట్టుకునేవారు కాదు. దర్శిలో మాది బట్టల కొట్టు. గల్లా దగ్గర మా నాయనమ్మ కూర్చుని ఉంటే, మిరపకాయలు అమ్ముకుని పెళ్ళి బట్టలకి వచ్చిన రైతులు సైతం కాస్త ఆలోచించుకునే మెట్టెక్కేవారు. గుడ్డ కొలిచేటప్పుడు బొటనవేలి కింద కొద్దిగా సాగదీస్తే మీటరుకి రెండు వేళ్ళ గుడ్డ మనకే మిగులుతుందని నాకు ఆరో ఏట నేర్పింది ఆవిడే. పదేళ్ళు వచ్చేసరికి ఆ విద్యలో ఆవిడని మించిపోయాను. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ముందే తప్పు ఒప్పుకోవడం.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే, చీరాల నుంచి మా బట్టల మూటలతో వస్తున్న లారీ గుంటలోకి ఒరిగిపోయింది. ముందు సీట్లో ఉన్న మా నాయనమ్మకి నడుముకీ తొడలకీ మధ్య గిన్నెలా ఉండే కటి ఎముక రెండుచోట్ల విరిగింది. గుంటూరులో పెద్ద ఆపరేషన్ చేసి లోపల స్టీలు ప్లేటు బిగించారు. నెల తర్వాత ఇంటికి పంపేటప్పుడు ఇంకో ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు డాక్టరు గారు. మా నాయనమ్మ నాలుగు వారాలకి బేరం పెట్టింది. ఆయన ఆరే అన్నారు. "పోనీ, మీ మాటా వద్దు నా మాటా వద్దు, ఐదు చేసుకోండి" అంది. ఆయన నవ్వలేదు. మా నాన్నని దగ్గరికి పిలిచి, కదలకుండా పడుకున్నవాళ్ళకి కాలిలో నెత్తురు గడ్డ కట్టవచ్చని, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పని, కాలు వాస్తే ఒక్క పూట కూడా ఆగవద్దని చెప్పారు. నాన్న పక్కన నేనూ ఉన్నాను. విన్నాను. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేకుండా పోయింది.

ఇంటికి వచ్చాక మా ప్రాణాలు తోడేసింది. గల్లా కనబడేలా కొట్టు వెనక గదిలో మంచం వేయించుకుని, ఏ చీర ఎంతకి ఇవ్వాలో అక్కడి నుంచే అరిచేది. వీధిలో మిరపకాయల బళ్ళు వెళ్ళినప్పుడల్లా తుమ్ములు, తుమ్మినప్పుడల్లా ప్లేటు వేసిన చోట పోటు, పోటు వచ్చినప్పుడల్లా మా అమ్మకి తిట్లు. దానికి తోడు కుట్ల దగ్గర ఒకచోట చీము పట్టి మానలేదు. చర్చి పక్కన ఉండే నర్సమ్మ గారు మూడు రోజులకోసారి వచ్చి కట్టు మార్చేవారు. ఆవిడే నాయనమ్మ రెండు పిక్కల మీదా సిరాతో గీత గీసి, రోజూ పొద్దున్నే ఆ గీత దగ్గర టేపుతో కొలిచి పుస్తకంలో రాసే పని నాకు అప్పగించారు. కొట్లో పుట్టిన పిల్లవి, కొలతల సంగతి నీకు చెప్పాలా అన్నారు. పాపం, ఆవిడకి మా కొట్టు సంగతి అప్పటికి తెలియదు.

వారం బాగానే గడిచింది. ఒకరోజు కుడి పిక్క పదమూడు అంగుళాలు వచ్చింది, ఎడమది పద్నాలుగు దాటింది.

"సరిగ్గా చూడవే. కొంచెం లాగు" అంది నాయనమ్మ.

"లాగితే తప్పు కొలత వస్తుంది కదా?"

"ఊరందరికీ లాగినప్పుడు రాని నీతులు నా కాలు దగ్గరకొచ్చేసరికి వచ్చాయా?"

తర్వాత గొంతు తగ్గించింది. గుంటూరు పంపితే మళ్ళీ పరాయివాళ్ళు పెట్టే బెడ్‌పాన్, మళ్ళీ ముక్కూ మొహం తెలియనివాళ్ళు దుప్పటి ఎత్తి చూడటం, ఆ బతుకు తన వల్ల కాదంది. మా నాయనమ్మ ఒకరిని బతిమాలడం నేను చూసింది అప్పుడే. ఇంకో పిల్లయితే ఏడ్చేది, లేదా వెళ్ళి నాన్నకి చెప్పేది. నేను నాకేం ఇస్తావని అడిగాను. ఆవిడ రిబ్బను దగ్గర మొదలుపెట్టింది. నేను పై అరలోని గులాబీ రంగు శాటిన్ పరికిణీ గుడ్డ దగ్గర మొదలుపెట్టాను. రెండున్నర మీటర్లకి బేరం తెగింది. ఆ గుడ్డ లాగకుండా కొలవాలని షరతు కూడా పెట్టాను!

నాన్న కొట్టు సందడిలో ఉన్నాడు, పుస్తకం చూస్తే అన్నీ సరిగ్గానే కనబడ్డాయి. రెండు రోజులు కుడి పదమూడు, ఎడమ పదమూడు.

ఆ మర్నాడు నర్సమ్మ గారు వచ్చి పుస్తకం చూశారు. అంత ఎండలోనూ నాయనమ్మ పాదాల దాకా కప్పుకున్న దుప్పటి చూశారు. నా బొటనవేలు కూడా చూశారేమో తెలియదు. కొట్లోంచి పొట్లాలు కట్టే దారం తెమ్మన్నారు. కుడి పిక్క చుట్టూ గీత మీద దారం చుట్టి, సరిగ్గా కలిసిన చోట కత్తిరించారు. ఆ ముక్క నా చేతికిచ్చి, "ఇప్పుడు దీన్ని ఎడమ కాలికి చుట్టు తల్లీ" అన్నారు.

చుట్టాను. కొసలు కలవలేదు. అలవాటు కొద్దీ లాగాను. దారం సాగలేదు, ఉబ్బిన చర్మంలోకి దిగింది. నాయనమ్మ పళ్ళు బిగపట్టింది. కొసల మధ్య రెండు వేళ్ళ ఎడం. మీటరుకి మేము మిగుల్చుకునే ఆ రెండు వేళ్ళే.

"దీని మీద అంకెల్లేవు పెద్దమ్మ గారూ, బేరానికి పనికిరాదు" అన్నారు నర్సమ్మ గారు.

"నీరు పట్టింది, అంతేలే నర్సమ్మా. నూనె పెట్టి రుద్దిస్తే పోతుంది."

"రుద్దితే పోయేది వాపు కాదండీ, మీరు!"

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అలా అరిచేసరికి కొట్లో బేరాలన్నీ ఆగిపోయాయి. గంటలో కారు వచ్చింది. కాలు దిండ్ల మీద పెట్టి తీసుకెళ్ళారు. నెత్తురు గడ్డే కట్టింది. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేమన్నారట. ఆవిడ తిరిగి వచ్చేదాకా నేను ఆ పై అర వైపు తలెత్తలేదు. నర్సమ్మ గారు ఎదురుపడినప్పుడల్లా ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని వణికాను. మా నాన్నతో ఆవిడ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆ దారం ముక్కని మాత్రం నేను కొలతలు రాసిన పుస్తకంలో పెట్టి వెళ్ళారు.

మూడు వారాల తర్వాత నాయనమ్మ తిరిగి వచ్చింది. గుమ్మంలో దించగానే నన్ను పిలిచి, శాటిన్ గుడ్డ కోయించుకున్నావా అని అడిగింది. లేదన్నాను. "బుద్ధిలేనిదానా, బేరం తెగాక సరుకు వదులుకుంటారుటే!" అని తిట్టింది. చావు తప్పి వచ్చిన మనిషి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. అటుపైన బతికినన్నాళ్ళూ కుంటుతూ నడిచింది, సాయంత్రానికి ఎడమ కాలు వాచేది, బేరం మాత్రం ఎక్కడా తగ్గలేదు.

నేను మారిపోయానని చెబితే నమ్మకండి. కూరల బండి దగ్గర ఇప్పటికీ కరివేపాకు ఊరికే వేయించుకోకుండా కదలను. కానీ గుడ్డ కొలిచేటప్పుడు నా బొటనవేలు దానంతటదే వదులైపోతుంది. ఈమధ్య మా ఆయన పాదాల దాకా దుప్పటి లాక్కుని, "ఏం లేదే, బాగానే ఉన్నా" అంటున్నాడు. వింటే ఒళ్ళు మండిపోతుంది. వాదించి లాభం లేదు, ఆయనా కొట్లో పుట్టినవాడే. అందుకే లేచి, వంటింటి అలమరలోని దారపు ఉండ తెచ్చుకుంటాను.