ఐదు రూపాయల అన్నం

నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు మధ్యాహ్నం పూట నాకు బస్టాండు దగ్గరి ఐదు రూపాయల భోజనమే దిక్కు. అడ్డా కూలీలతో పాటు వరుసలో నిలబడి పళ్లెం అందుకునేదాన్ని. ఒకరోజు మా క్లాసు అబ్బాయి అది చూశాడు. మర్నాడు సారు హాజరు పిలుస్తూ నా నంబరు చదవగానే, వెనక బెంచీ నుంచి "ఐదు రూపాయల అన్నం" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

అయినా లేచి నిలబడ్డాను.

"అవ్ సార్, గా అన్నం తినేది నేనే. మా బాపు హాలియా కాడ వడ్లు పండిస్తడు. అన్నం తినేటందుకు నాకేం సిగ్గు లేదు. రేపు నాతోని ఎవ్వలొస్తరు?"

రోజూ ఉపవాసమని చెప్పి మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చునే అమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మరుసటి రోజు ఇద్దరం కలిసే వెళ్లాం. వరుసలో ఆమె చున్నీని ముఖానికి కప్పుకోబోయింది.

"తియ్యి. మనమేం దొంగతనం చేస్తలేం" అన్నాను.

ఆమె చున్నీ తీసి భుజాన వేసుకుంది. పళ్లేలు పట్టుకుని, రోడ్డు వైపే తిరిగి నిలబడి, కడుపునిండా తిన్నాం.