నరం జరిగిందన్నారు

మొన్నటి చలికాలంలో మా కూతురి కూతురు కాలేజీ కబడ్డీలో మోకాలు మెలిపడి కూలబడితే, దాన్ని వెంటబెట్టుకుని సూర్యాపేటలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా పిల్లకు అక్కలా ఉందే తప్ప ఆ డాక్టరమ్మకు పెద్ద వయసు లేదు. పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తో తొడను గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పిక్క వెనకనుంచి కాలిని తన వైపు మెల్లగా లాగి చూసింది. అంతే, లోపలి లిగమెంటు తెగినట్టుంది, స్కానులో ఖాయం చేసుకుందాం అన్నది.

తర్వాత ఓపిగ్గా ఒక ప్లాస్టిక్ మోకాలు బొమ్మ తెచ్చి మా చేతుల్లో పెట్టింది. తొడ ఎముక కింది కొస రెండు గుబ్బల్లా గుండ్రంగా ఉంటుందట, దాని కింద కాలి ఎముక పైభాగం ఇంచుమించు చదునుగా ఉంటుందట, గుండ్రటిది చదునుదాని మీదనుంచి జారిపోకుండా ముఖ్యంగా నాలుగు పట్టీలు పట్టుకుని ఉంటాయట. ఆ పట్టీలే లిగమెంట్లు. ఇటు పక్కన ఒకటి, అటు పక్కన ఒకటి, మోకాలు పక్కలకు ఒరగకుండా. లోపల మరో రెండు, ఒకదాన్నొకటి దాటుకుంటూ కత్తెరలాగా. ఆ లోపలి రెండింటిలో ముందుది కాలి ఎముకను ముందుకు జారనివ్వదు, మెలితిరగనివ్వదు, వెనకది వెనక్కు పోనివ్వదు. పక్కనున్నది తెగితే చాలాసార్లు దానంతటదే అతుక్కుంటుంది గాని, లోపలి ముందుది తెగితే మాత్రం సాధారణంగా అతుక్కోదు. వాపు తీసిన తర్వాత మనిషి చక్కగానే నడుస్తుంది, చూసేవాళ్లకు ఏ లోపమూ కనిపించదు, పరుగులో ఒక్కసారి పక్కకు తిరిగినప్పుడు మాత్రం పైఎముక ఒక దారి, కింది ఎముక ఒక దారి అవుతాయి.

ఆ మాట విన్నాక నేను ఇంకేమీ వినలేదు. పిల్ల బల్ల దిగగానే చెప్పులు విడిచి నేనెక్కి పడుకున్నాను. నాది కూడా ఒకసారి లాగి చూడు బిడ్డా అన్నాను. ఆమె నవ్వుతూనే లాగింది, లాగి నవ్వు ఆపేసింది.

"పెద్దమ్మా, ఇది ఎప్పుడు తెగింది?"

మాది పెద్దవూర దిక్కు తండా. ఇంట్లో మా భాష, గడప దాటితే తెలుగు. అమ్మను మేము యాడి అంటాం. మేకల వెంట గుట్టలెక్కి దిగిన కాళ్లు కాబట్టి మిర్యాలగూడ హాస్టల్లో ఆటల సీటు దొరికింది, చేరిన కొద్ది రోజులకే నన్ను కబడ్డీ జట్టులో వేసుకున్నారు. నేను కూతకు వెళ్తే అవతలి పిల్లలు గీత దాకా వెనక్కు జరిగేవారు. ఆ రోజుల్లో జిల్లా జట్టుకు, ఆపైన రాష్ట్ర జట్టుకు ఆడిన ఆడపిల్లలకు కొలువులు దొరుకుతాయని చెప్పుకునేవారు, మా తండాలో కొలువు చేసిన ఆడమనిషి అప్పటికి ఒక్కతె కూడా లేదు.

మాకు ఆట నేర్పిన డ్రిల్లు సారు గురించి చెప్పాలంటే ముందు ఆయన ఈల గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, ప్యాంటు మీదికి జారిన పొట్ట. మమ్మల్ని ఎండలో పరిగెత్తించి తాను మాత్రం వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని, పక్కన ఎవరైనా పెద్దమనిషి ఉంటే మా కాళ్ల బలాన్ని తన సొంత ఎడ్ల బలంలాగా వర్ణించేవాడు. మనిషి ఒంట్లో ఏ కీలు ఎటు తిరుగుతుందో, ఎటు తిరగకూడదో చదువుకుని కదా ఆ ఉద్యోగానికి వస్తారు! ఈయన ఏ దారిన వచ్చాడో ఆ ఈలకే తెలియాలి.

వాన పడి వెలిసిన ఒక సాయంత్రం కూతకు వెళ్లి వెనక్కు తిరగబోయాను. పాదం నల్లరేగడిలో దిగబడిపోయింది, నేను తిరిగాను గాని అది తిరగలేదు. లోపల టప్పున చప్పుడైంది, పక్కనున్న పిల్లలకు కూడా వినిపించిందన్నారు. చీకటి పడేసరికి మోకాలు గుమ్మడికాయంత అయింది. సారు వచ్చి బూటు కొసతో నా కాలిని కదిలించి చూశాడు.

"ఏమైతదే? మీ తండోళ్ల మోకాళ్లు ఇనుపవి. నాటకాలు బంద్ జెయ్, లే!"

లేవలేదు కాబట్టి కోదాడలో తనకు తెలిసిన కట్లు కట్టే మనిషి దగ్గరికి తీసుకుపోయాడు. మిర్యాలగూడలో పెద్ద దవాఖాన ఉండగా కోదాడ దాకా ఎందుకంటే, ఆ కట్లాయన సారుకు దోస్తు. ఆయన మరీ ఘనుడు. కాలు ముట్టుకోకుండానే, మీసం దువ్వుకుంటూ రోగం చెప్పేశాడు.

"నరం పక్కకి జరిగిందండీ. ఒక్క లాగుడుకి సర్దుకుంటది, మీరేం పరేషాన్ కావద్దు."

మన దగ్గర ఒంట్లో తీగలాంటిది ఏదైనా నరమే. మెడ పట్టేసినా నరమే, నడుము పట్టేసినా నరమే. తెలియనిదానికల్లా ఒకే పేరు పెట్టి దాంతో బతికేసేవాళ్లను చూస్తే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. ఇద్దరు మనుషులు నా భుజాలు అదిమిపట్టుకుంటే ఆయన నా కాలు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అప్పటికే తెగినదాన్ని లాగి ఏం సర్దాడో ఆ దేవుడికే తెలియాలి. కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి కట్టుకట్టి పంపాడు. కొన్ని వారాలకు వాపు తీసింది, నేను తిన్నగా నడిచాను, సారు ఊరంతా తిరిగి కోదాడ వైద్యం మహిమ చెప్పుకున్నాడు.

జిల్లా జట్టు ఎంపికలు సూర్యాపేటలో జరిగాయి. మెట్లు దిగుతుంటే మోకాలు వదులుగా జారుతోందని నేను ముందే చెప్పాను. సారు వినలేదు. మొదటి కూతలో ఇద్దరిని తాకాను, జనం కేకలు పెట్టారు, వెనక్కు తిరిగాను, కాలు నాది కాకుండా పోయింది. మట్టిలో పడి మోకాలు పట్టుకుని అరుస్తుంటే సారు వచ్చి, ఎంపిక చేసేవాళ్లంతా వింటుండగా, దీనికి కాలికేం కాలేదు, గుండె లేదు, జనాన్ని చూసి భయపడి పడింది అన్నాడు. తన తప్పు బయటపడకుండా ఉండటానికి ఒక పిల్ల మీద అంత తేలిగ్గా మాట వేయగలిగిన ఇంకో మనిషిని నేను ఆ తర్వాత చూడలేదు.

ఆటకని ఇచ్చిన సీటు కాబట్టి హాస్టల్ నుంచి పంపించేశారు. తీసుకుపోవడానికి వచ్చిన మా యాడి గేటు దగ్గర సారును నిలబెట్టి అడిగింది.

"నా బిడ్డ మేకలెంట గుట్టలెక్కింది సారూ, భయమంటే ఏందో దానికి తెల్వది. కాలు ఎట్లనో పోయింది. దాని పేరు గూడ ఎందుకు ఖరాబ్ చేస్తున్నవ్?"

ఆయన బదులుగా ఈల ఊది పిల్లలను వరసలో నిలబెట్టాడు.

ఆ పేరు మాత్రం నాకంటే ముందే తండా చేరింది. నాట్లకు వెళ్తే బురదలో కాలు మెలిపడినప్పుడల్లా పక్క వరస ఆడవాళ్లు, భయపడకు, ఎవరూ పట్టుకోరు అని నవ్వేవారు. ఏళ్లు పట్టింది నాకు పదో తరగతి ప్రైవేటుగా కట్టి అంగన్‌వాడీలో చేరడానికి.

డాక్టరమ్మ నాకూ స్కాను తీయించింది. ఆ లిగమెంటు ఎప్పుడో తెగి కరిగిపోయిందని, అది లేక ఎముకల మధ్య ఉండే మెత్తటి గుజ్జు కూడా నలిగి అరిగిపోయిందని తేల్చింది. ఆ స్కాను కాగితం చేతిలో పెట్టుకుని నేను మిర్యాలగూడలో సారు ఇంటికి వెళ్లాను. రెండు మోకాళ్లూ మార్పించుకుని మంచం మీద ఉన్నాడు. పెద్దవూర దిక్కు తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉన్న కూత పిల్లను అని చెబితే ముఖం వికసించింది.

"ఆ, ఆ! సూర్యాపేటల భయపడి పడ్డదానివి గదా!"

"భయం గాదు సారూ. లోపలి లిగమెంటు తెగింది. తెగిన కాలుతోని నన్ను ఆడిపిస్తిరి."

"లిగమెంటంటే? నరమేనా?" అన్నాడు, నిజంగానే తెలియక. ఉద్యోగమంతా పిల్లలను పరిగెత్తించి, తన మోకాళ్లు కోయించుకుని కూడా అంతే తెలుసుకున్నాడు. "అప్పుడు ఎవలికి తెల్సు బిడ్డా! నా బాధ సూడు, పొద్దుగాల కసరత్తు చేపిచ్చే పిలగాడొచ్చి కాలు వంచమంటడు, పానం పోతాంది."

"ఇప్పుడు నిజంగనే ఇనుపవి ఏసిండ్రు గదా సారూ. ఏమైతది?"

ఆయన అది పరాచికమనుకుని పొట్ట కదిలేలా నవ్వాడు. ఇన్నేళ్లు మోసిన కోపం ఈ మనిషి మీదా అని నాకే సిగ్గేసింది. కోపానికి కూడా ఒక పాటి మనిషి కావాలి. ఇచ్చిన చాయ్ ముట్టుకోకుండా లేచి వచ్చాను.

మా పిల్లకు ఆపరేషన్ అయింది. తొడ వెనకనుంచి కండరం కొస తీసి లోపల కొత్త పట్టీ వేశారు. ఎప్పుడు ఆడొచ్చో డాక్టరమ్మ చెబుతుంది, అంతదాకా మైదానం వైపు పోవద్దని దాని కోచ్ కూడా అంటోంది. ఇప్పటి పిల్లలకు నొప్పి వస్తే దానికొక పేరు దొరుకుతోంది, మా కాలంలో నొప్పికి పేరు తెలియక మా మీదనే పేర్లు పెట్టారు.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ బస్సులో వస్తుంటే దారిలో దిగే నా వయసు ఆడవాళ్లను చూస్తుంటాను. కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, మంచి కాలు ముందు పెట్టి దిగుతారు. వెనకనుంచి కండక్టరు జల్ది జల్ది అంటుంటాడు. ఏమైందమ్మా అంటే గుజ్జు అరిగింది, వయసైపోయింది అంటారు. వరి మడిలోనో, బావి గట్టు మీదనో, మిల్లులో బస్తాల కిందనో ఏ రోజు ఆ కాలు టప్పుమన్నదో, అప్పుడు ఎవరేమని నవ్వారో వాళ్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడు నేను అడిగితే, గుర్తు లేదమ్మా అని చేతిసంచి సర్దుకుని, కుంటుకుంటూ వెళ్లిపోతారు.