నా గాజులు మింగిన పుంజు

చిన్న సంగతే. టీ చల్లారేలోగా చెప్పేస్తాను. మొన్న మా ఇంట్లో కోడికూర వండాను. దాని ఖరీదు నలభై వేల రూపాయలు. నేనింకా తేరుకోలేదు.

కూర దగ్గరికి వస్తాను గానీ, ముందు మా ప్రభుదాసు గొంతు గురించి చెప్పాలి. కళింగపట్నం పక్కన మా ఊరి చర్చి సంఘానికి ఆయన పెద్ద. ప్రార్థన ఎత్తుకున్నాడంటే ఒడ్డున ఎండుచేపల మీద వాలిన కాకులు లేచిపోతాయి. అదే గొంతుతో ఇన్సూరెన్సు పాలసీలు కూడా అమ్ముతాడు. ఊళ్లో సగం మంది ఆయన నోరు మూయించడానికే పాలసీ కట్టారని నా అనుమానం. మా దానియేలు బావ కూడా అలాగే కట్టాడు.

దానియేలు బావంటే మా రూతక్క మొగుడు. మోటారు సైకిలు వెనక ఐసు పెట్టె కట్టుకుని పల్లెలన్నీ తిరిగి చేపలమ్మేవాడు. తూకంలో గట్టివాడు, నోటిలో ఇంకా గట్టివాడు. షుగరు ముదిరి కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ఆపరేషన్ ఖర్చు పాలసీలోనే వచ్చింది. ఆ తర్వాత ఆయనకి కావలసింది ఒక్కటే, వెనక రెండు పక్కలా చక్రాలు తగిలించిన స్కూటీ. అదుంటే మళ్లీ చేపలమ్ముకుంటాడు. లేకపోతే అరుగు మీద కూర్చుని అక్క మీద అరవడమే పని. కొన్నాళ్లు అరిచాడు. మా ఇంటిదాకా వినబడేది. తర్వాత అరవడం కూడా మానేశాడు. అప్పుడు మాకు భయం పట్టుకుంది.

స్కూటీకి డబ్బు రాదని కంపెనీ తేల్చేసింది. ఆ మాట చెప్పడానికి ప్రభుదాసు వచ్చాడు. జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"బండి వైద్యం కిందకి రాదంట దానియేలూ. సౌకర్యమంట."

"సౌకర్యమేటి? నాను సికార్లకి ఎల్తానా? సేపలమ్ముకోవాల!"

"నానూ అదే సెప్పినాను. ఇననేదు."

"మరి నీ గొంతు దేనికి?" అన్నాను నేను. ప్రభుదాసు టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

సర్కారు వాళ్లు బండికని పేరు రాసుకున్నారు, పిలుస్తామన్నారు. ఇంకా పిలవలేదు. ఈలోగా కోత పండగ వచ్చింది.

మా సంఘంలో కోత పండగంటే ఆరాధన సగం, వేలం సగం. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. వరి కంకులు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, ఎండుచేపలు, కోళ్లు. ఆరాధన అయ్యాక గుడి ముందు పందిట్లో వాటిని పాడతారు. పాడేది సరుకు కోసం కాదు, పరువు కోసం. ఒక్క వంకాయ మీద ఇద్దరు వియ్యంకులు మాటలు మానేసిన ఊరు మాది. మా సంఘం కానివాళ్లు కూడా పాట వినడానికి వస్తారు, పాడి ఇరుక్కుని వెళతారు.

ఈసారి రూతక్క తన పుంజునిచ్చింది. దాని మీద ఎంత వస్తే అంతా బావ బండికేనని పెద్దలు తీర్మానించారు. శ్రీకాకుళంలో పాత స్కూటీ, చక్రాలతో కలిపి నలభై అన్నారు. అంత పాడగలవాడు ఊళ్లో ఒక్కడే, రెండు పడవల అప్పారావు మావ. చెయ్యి బిగువు. కానీ ఎవరైనా దెప్పితే మాత్రం తట్టుకోలేడు.

"మిషను మీద కూకుని ఊరందర్నీ కుడతావు గదా, ఆడ్ని కాస్త గుచ్చు. నీ నోరు ఒక్కపాలైనా పనికొస్తాది," అన్నాడు ప్రభుదాసు.

నేను జాకెట్లు కుడతాను లెండి. కబుర్లు వాటితో పాటు ఊరికే.

పాట మొదలైంది. పుంజుని ప్రభుదాసు పైకెత్తాడు. అప్పారావు మావ వెనకే నా కుర్చీ.

"ఐదు వేలేటి మావా? పడవకి రంగేసినంత కూడా నేదు!"

పది అన్నాడు.

"మొన్న కట్టించిన పళ్లకే అంతకన్నా ఎక్కువైనాది గదా!"

పందిరంతా నవ్వింది. పదిహేను అన్నాడు. ఇరవై అన్నాడు. అక్కడితో ఆగిపోయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. బావ వైపు చూశాను. చక్రాల కుర్చీలో తల దించుకుని ఉన్నాడు. అక్క పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనే అయ్యుంటుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"ఏటి మావా, రెండు పడవలు పెట్టుకుని ఇరవైకే ఇంజనాగిపోనాదా? గుండీలు కుట్టుకునే దాన్ని, నానే నలభై అంటాను సూడు!"

అప్పారావు మావ మెల్లగా లేచాడు. నాకు దండం పెట్టాడు.

"అమ్మి పాడినాది. ఆడపిల్ల పాట మీద నాను పాడతానా?" అని కూర్చున్నాడు.

"నలభై, ఒకటోసారి!"

ఎవరైనా పాడతారేమోనని పందిరంతా కలయజూశాను. అప్పుడర్థమైంది. ఆ పందిట్లో నేను ఏడిపించనివాడు ఒక్కడూ లేడు. అందరూ చేతులు కట్టుకుని, బుద్ధిగా, నన్నే చూస్తున్నారు. ఎప్పుడూ రెండోసారికీ మూడోసారికీ మధ్య ఒక ప్రసంగం చెప్పే ప్రభుదాసు ఆరోజు ఊపిరి కూడా తీసుకోలేదు.

"రెండోసారి, మూడోసారి, మన టైలరమ్మకి స్తోత్రం!"

ఉట్టిదే అన్నానని చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా అక్క వచ్చి నా మెడ చుట్టూ చేతులేసి ఏడ్చేసింది. బావ తలెత్తాడు. ఎన్నాళ్లకో తలెత్తాడు.

"మరదలా!" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అరిచినా బాగుండేది.

బంగారు గాజుల కోసం చీటీ కట్టుకుంటున్నాను. దాన్ని ఎత్తేసి పాట డబ్బు కట్టేశాను. బండి వచ్చింది. పుంజు నాకు వచ్చింది. ఊళ్లో వాళ్లు దాన్ని చూడ్డానికి వచ్చి, "గాజులు బాగున్నాయే," అని పోయేవారు.

వారం తిరక్కుండా బావ స్కూటీ నేర్చాడు. ఐసు పెట్టె వెనక బిగించి, మొదటి చేపలు నాకే ఇస్తానని తిన్నగా మా గుమ్మంలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. పుంజు గుమ్మంలోనే గింజలేరుకుంటోంది.

"బావా, బ్రేకు!" అని అరిచాను.

బండి ఆగలేదు. పుంజు మీద నుంచి వచ్చి నా కుట్టు మిషనుకి గుద్దుకుని ఆగింది. బావకేం కాలేదు. మిషనుకీ ఏం కాలేదు. పుంజు లేదు.

బావ తెల్లబోయి కిందికి చూస్తున్నాడు.

"నొక్కినాను మరదలా. గట్టిగానే నొక్కినాను. పడనేదు."

మోటారు సైకిలు మీద ఇన్నేళ్ల అలవాటు. స్కూటీ బ్రేకు చేతి దగ్గరుంటే, లేని కుడికాలితో నొక్కాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు బావే నవ్వాడు. తర్వాత అక్క కూడా.

స్కూటీకి ఇన్సూరెన్సు చేసింది ప్రభుదాసే. పుంజుకేమైనా వస్తుందా అని అడిగాను. కంపెనీకి ఫోను చేసి కనుక్కున్నాడు. రాదంట.

ఆ సాయంత్రం కూర వండాను. అక్కా బావా వచ్చారు. ప్రభుదాసుని పిలవలేదు, అయినా వచ్చాడు. కాలు ముక్కలు రెండూ బావే వేసుకున్నాడు.

నేనేమీ అనలేదు.