కాగితాల మంత్రిగారి కారు

మా ఇంట్లో నీళ్ళ క్యాను ఎత్తి బోర్లించినప్పుడల్లా గుడగుడమంటూ ఒక బుడగ పైకి లేస్తుంది. మనవరాలికి ఆ చప్పుడంటే నవ్వు. నాకు మాత్రం అది వినపడగానే నోట్లోకి వేరే నీళ్ళ రుచి వస్తుంది. మా ఊరి బావి నీళ్ళు, చల్లగా, ఒక పిసరు తియ్యగా. ఆ వెనకే జ్ఞానానందం మాస్టారు గుర్తొస్తారు. ఆయన్ని మీలో ఎవరూ చూసి ఉండరు. మంత్రిగా చేసిన మనిషే అయినా ఆయన ఫోటో ఇవాళ ఏ ఆఫీసు గోడకీ లేదు. కాబట్టి మీకు నా మాటే దిక్కు. నేనెంతటివాణ్ణో కూడా ముందే చెప్పడం మంచిది. ఎనభైలలో ఒక రోజు ఈ రాష్ట్ర ప్రభుత్వాన్ని గంటసేపు కదలకుండా ఆపినవాణ్ణి. కొత్త మంత్రులు ప్రమాణం చెయ్యాలి, గవర్నరుగారు తయారై కూర్చున్నారు, నేను కదిలితే గాని ఏదీ కదలదు. ఆ సంగతికి వస్తాను.

మా ఊరు అద్దంకికి పడమర. మిరప, పత్తి బాగా పండే నేల. ఊరికొక బావి, ఊరవతల దళితుల పల్లెకొక బావి ఉండేవి. పల్లెవాళ్ళు మా బావి ముట్టుకోకూడదు, మేం వాళ్ళ బావి వైపు పోకూడదు. రెండు బావుల్లో ఉన్న విషం మాత్రం ఒక్కటే. ఫ్లోరిన్ నీళ్ళు. పదేళ్ళకి పళ్ళు గారపడతాయి, ముప్ఫై దాటేసరికి మోకాళ్ళు వంగిపోతాయి, ఆపైన నడుము తిరగదు. పల్లెలో చర్చి పక్కనున్న బళ్ళో జ్ఞానానందం మాస్టారు నాకు పాఠం చెప్పారు. నాకు చదువు అంటలేదు. పారిపోయి లారీ క్లీనరునై, మెల్లగా డ్రైవరునై గుంటూరు యార్డుకి మిరపకాయలు తోలేవాణ్ణి. మాస్టారు ఎన్నికల్లో నిలబడి గెలిచారని, మంత్రయ్యారని యార్డులోనే తెలిసింది. తరవాత ఒకరోజు ఆయనే అక్కడికి వచ్చారు. మిరప ఘాటుకి ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, బస్తాల మధ్య నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"ఏరా కోటీ, ఎక్కాలు గుర్తున్నాయా?"

"లేవండి. గేర్లు గుర్తున్నాయి."

"అవి చాల్లే. పద హైదరాబాదు."

అలా నేను సర్కారు కారుకి తాత్కాలికపు డ్రైవరునయ్యాను. ఆయనకిచ్చిన శాఖ ఏమిటో విని ఊళ్ళోవాళ్ళు పగలబడి నవ్వారు. అచ్చు, లేఖన సామగ్రి. అంటే ప్రభుత్వానికి కావలసిన కాగితాలూ, కలాలూ, ఫైళ్ళ అట్టలూ. "మాస్టారికి మళ్ళీ చాక్‌పీసులే ఇచ్చార్రా" అన్నాడు మా పెదనాన్న. మాస్టారు కూడా నవ్వారు గాని, కారెక్కాక అద్దంలోంచి నా వైపు చూసి, "ఒరేయ్, నన్ను చూసి మంత్రిని చేశారనుకుంటున్నావా? ప్రకాశం జిల్లాకి ఒకడు కావాలి. మా కులానికి ఒకడు కావాలి. చదువుకున్నవాడని చూపించడానికి ఒకడు కావాలి. ముగ్గుర్నీ ఒకే కుర్చీలో కూర్చోబెడితే రెండు కుర్చీలు మిగులుతాయి. ఆ మిగిలిన రెండిటి కోసం బయట ఎంతమంది నిలబడ్డారో నీకు తెలీదు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. పిల్లలకి తీసివేత చెప్పినట్టే చెప్పారు.

ఆయనకి కావలసింది ఒక్కటే. సాగరు కాలవ నుంచి మా వైపు ఊళ్ళకి మంచినీళ్ళ గొట్టం. అది ఆయన శాఖ కాదు. ఆ ఫైలు మీద నీళ్ళ మంత్రి సంతకం పడాలి. మొదటి నీళ్ళ మంత్రి దగ్గరికి మాస్టారు మా బావి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళారు. అందరూ దండలూ శాలువాలూ తెస్తుంటే ఈయన సీసా బల్ల మీద పెట్టి, "ఒక్క గుక్క తాగి చూడండి సార్" అన్నారు. ఆ మంత్రి మంచివాడే, తాగాడు. ఇంకో గుక్క కూడా తాగాడు. "బాగున్నాయే మాస్టారూ, మా ఇంట్లో పంపు నీళ్ళకంటే ఇవే నయం. ఇంత మంచి నీళ్ళుండగా మీవాళ్ళకి గొట్టం దేనికి?" అన్నాడు. అది అక్షరాలా నిజం. ఆ నీళ్ళలో రంగు లేదు, వాసన లేదు, తియ్యగా ఉంటాయి. దాహమేసినవాడెవడూ వాటిని తప్పు పట్టలేడు. మాస్టారు సీసా తెచ్చి కార్లో నా పక్కన పెట్టారు. "చూశావుట్రా, మన చావు కూడా రుచిగానే ఉంది" అన్నారు.

ఆ తరవాత మంత్రివర్గం మారింది. నీళ్ళ శాఖ ఇంకొకరికి వెళ్ళింది. "ఇప్పుడే వచ్చాను మాస్టారూ, ఫైళ్ళు చదువుకోనివ్వండి" అన్నాడాయన. చదివాడు కూడా. ఇంజనీర్లని పంపించి కొలతలు వేయించాడు. కొలతలు వచ్చాయని తెలిసి మేం ఆయన గదికి వెళ్ళేసరికి, ఒకడు స్టూలెక్కి తలుపు పక్కనున్న పేరు పలక మరలు విప్పుతున్నాడు. కింద ఇంకొకడు కొత్త పలక చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మాస్టారు ఆ కొత్త పేరు చదువుదామని మెడ పక్కకి వంచారు. "ఈయన ఎలాంటివాడు నాయనా?" అని పలక పట్టుకున్నవాణ్ణి అడిగారు. వాడు, "నాకేం తెలుసండీ, ఇత్తడి కూడా కాదు, రేకు వేయించారు" అన్నాడు.

ఇక్కడ మా డ్రైవర్ల సంగతి ఒకటి చెప్పాలి. మంత్రివర్గం మారబోతోందని రేడియో కంటే, పత్రికల కంటే ముందు కార్ల షెడ్డుకి తెలుస్తుంది. కొత్త మంత్రుల్ని ప్రమాణానికి తీసుకెళ్ళడానికి కార్లు కావాలి. అవెక్కణ్ణుంచి వస్తాయి? పాత మంత్రుల కిందనుంచే రావాలి. అందుకని పొద్దున షెడ్డు నుంచి ఒకడు వచ్చి, "బండి కడిగి, ట్యాంకు నింపి, షెడ్డులో పెట్టు" అన్నాడంటే ఆ బండిలో తిరిగే మంత్రి పని అయిపోయిందన్నమాట. మంత్రులకి అది తెలియదు. వాళ్ళు లోపల కూర్చుని సంతకాలు పెడుతూ ఉంటారు. కింద మేం బీడీలు ఆర్పేసి, వాళ్ళ డ్రైవరు భుజం తట్టేవాళ్ళం.

నేను ప్రభుత్వాన్ని ఆపానన్న ఆ రోజు, రేకు పలక కొత్త నీళ్ళ మంత్రికి చూపించడానికి మాస్టారు మరియమ్మక్కని తీసుకొచ్చారు. ఆయన సొంత అక్క. నలభై అయిదు దాటలేదు. నడుం దగ్గర రెండుగా మడిచినట్టు వంగిపోయి, ఎప్పుడూ నేలనే చూసేది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే ఆమె పడుకోవాలి. నీళ్ళ రుచి చూసినా తెలియని వాళ్ళకి ఈ నడుం చూస్తే తెలుస్తుందని మాస్టారి ఆశ. సచివాలయం మెట్ల మీద నేనూ ఆయనా చెరో పక్కా పట్టుకుని నీళ్ళ మంత్రి గది దాకా ఎక్కించాం. "నాయనా కోటయ్యా, మంత్రిగారి కాళ్ళు కనపడితే చాలులే, మొహం మీరు చూసి చెప్పండి" అంది అక్క. నేను కిందకి దిగి వచ్చేసరికి కారు దగ్గర షెడ్డువాడు నిలబడి ఉన్నాడు.

"కోటయ్యా, కడిగి తీసుకురా."

"ఎవరిదిరా?"

"నీదే."

పైన మాస్టారు సంతకం అడుగుతున్నారు. కింద ఆయన మంత్రి కాకుండా పోయారు. ఆ కబురు పైకి ఎక్కకముందే సంతకం పడితే చాలనిపించింది. కారు షెడ్డుకి వెళ్ళలేదంటే లెక్క ప్రకారం ఆయన ఇంకా మంత్రే అని నా డ్రైవరు బుర్రకి తోచింది. కారు తీసుకెళ్ళి ఆ పక్క వీధిలో ఒక ఆస్పత్రి వెనక, బట్టలు ఆరేసిన తీగల కింద దాచేశాను. గంటసేపు అక్కడే కూర్చున్నాను. ప్రభుత్వాన్ని ఆపానన్నది ఇదే. ఇప్పుడు నిజం కూడా చెబుతాను. గవర్నరుగారు నా కోసం ఆగలేదు. షెడ్డువాళ్ళు ఇంకో బండి పంపించుకున్నారు. ప్రమాణాలు అనుకున్న వేళకే జరిగాయి. నేను ఆపగలిగింది ఒక అంబాసిడర్ని మాత్రమే.

తిరిగి వచ్చేసరికి అక్కా తమ్ముడూ గేటు బయట గట్టు మీద కూర్చుని ఉన్నారు. పైన ఏం జరిగిందో అక్కే చెప్పింది. మంత్రి ఆమెని చూసి కుర్చీలోంచి లేచాడట. ఫైలు తెప్పించాడట, కలం మూత కూడా తీశాడట. అప్పుడు ఫోను మోగింది. విని, మెల్లగా మూత పెట్టేసి, "మాస్టారూ, కొత్త మంత్రివర్గంలో మీరూ నేనూ ఇద్దరం లేం" అన్నాడట. "మీ స్థానంలో గుంటూరు నుంచి మీవాళ్ళనే ఒకర్ని తీసుకున్నారు లెండి, మీవాళ్ళకేం లోటు రాలేదు" అని ఓదార్చాడు కూడానట. మాస్టారు మాత్రం నాతో ఒక్క మాటే అన్నారు. "కారు అప్పజెప్పి రారా. మనం బస్సుకి పోదాం."

మర్నాడు అద్దంకి దాటాక మా బస్సుకి ఎదురుగా ట్రాక్టరొకటి వచ్చింది. తొట్టి నిండా మా ఊరివాళ్ళు. ఒళ్ళో బంతిపూల దండలు, ఒక డప్పు. మాస్టారు బస్సు ఆపించి దిగారు. ట్రాక్టరూ ఆగింది. అందులో మా పెదనాన్న కూడా ఉన్నాడు. అందరూ దండలకేసి చూసుకుంటున్నారు. గుంటూరు వెళుతున్నారని, కొత్త మంత్రికి వెయ్యడానికని చెప్పనక్కర్లేదు.

"వెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి" అన్నారు మాస్టారు. "దండ వేసేటప్పుడే నీళ్ళ సంగతి అడగండి. మొదటిరోజే అడగాలి. రెండోరోజు నుంచి ఆయనకి తన కుర్చీ సంగతే సరిపోతుంది."

"మీరు ఏమనుకోవద్దు మాస్టారూ" అన్నాడు పెదనాన్న.

"ఏమనుకుంటానయ్యా. నా మెడలో వేసినప్పుడు మాత్రం మీరు అడిగారా?"

వాళ్ళు రాత్రి బాగా పొద్దుపోయాక తిరిగొచ్చారు. అడిగారా అంటే, తొక్కిసలాటలో దండ వెయ్యడమే గగనమైందన్నారు. ఆ మంత్రీ ఎన్నాళ్ళో ఉండలేదు. మాస్టారు మళ్ళీ ఎన్నికలకి నిలబడలేదు, చర్చి బళ్ళో జీతం లేకుండా పాఠాలు చెప్పారు. మరియమ్మక్క పోయినప్పుడు పెట్టెలో ఆమెని తిన్నగా పడుకోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. పక్కకి తిప్పి పెట్టారు. మాస్టారి మోకాళ్ళు కూడా అప్పటికే వంగిపోయాయి. గొట్టం వచ్చింది. ఆయన పోయిన చాలా ఏళ్ళకి వచ్చింది. అందులో నీళ్ళు వారానికి రెండుసార్లు వస్తాయి, అదీ వస్తే.

నాకు ఆయన దగ్గర్నుంచి మిగిలింది ఆ రోడ్డు మీద మాటే. కొత్త తాసీల్దారు వచ్చినా, కొత్త కలెక్టరు వచ్చినా, మొదటిరోజే పోయి గుమ్మం ముందు నిలబడతాను. నా నీళ్ళ అర్జీ చూసి బంట్రోతులు నవ్వుతారు. పని జరుగుతుందన్న నమ్మకం నాకూ లేదు. అయినా మొదటిరోజు ఇంటి దగ్గర కూర్చోవడం నా వల్ల కాదు.

ఇదంతా రాసి మాస్టారి కూతురు సుగుణకి చదివి వినిపించాను. నర్సుగా రిటైరై ఒంగోలులో ఉంటోంది. చివరిదాకా అడ్డు రాకుండా వింది. నేను మెచ్చుకోలు కోసం చూస్తున్నాను.

"ఫోను పొద్దున్నే మా ఇంటికొచ్చింది బాబాయ్" అంది. "ఎత్తింది నేనే. తీసేసేవాళ్ళ లిస్టులో నాన్న పేరూ ఉంది, ఆ నీళ్ళ మంత్రి పేరూ ఉంది. సంతకం పెట్టినా చెల్లదని నాన్నకి తెలుసు. అత్తయ్య అప్పటికే తల దువ్వించుకుని, కొత్త చీర కట్టుకుని కూర్చుంది. ఆమెకి చెప్పలేక తీసుకెళ్ళాడు. నువ్వు గంటసేపు దాచింది ఏమీ లేదు. కిందకి దిగాక కారు కనపడకపోయేసరికి ఆ ఎండలో నాన్న అత్తయ్యని వీపున వేసుకుని గేటు దాకా మోశాడు. రాస్తే అది రాయి."