రేపల్లె ఇడ్లీ బండి మీద పడ్డ నింద

1996 వేసవిలో నన్ను రేపల్లె పశువుల ఆసుపత్రికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పేరులో అసిస్టెంట్ అని ఉంటుంది గానీ, ఆసుపత్రికి పెద్ద దిక్కు ఆ డాక్టరే. పొద్దున లేస్తే గేదెలు, చూడి పరీక్షలు, టీకాలు. కుక్కలను తెచ్చేవాళ్ళు తక్కువ. అలాంటిది వానలు మొదలవగానే వరసపెట్టి కుక్కలే వచ్చాయి. వాంతులు, నెత్తురు విరేచనాలు, ముక్కు బద్దలయ్యే వాసన. సెలైన్ ఎక్కిస్తుండగానే కుక్కపిల్లలు చేతుల్లో ప్రాణం వదిలేవి.

ఇది పార్వో వైరస్ అని నా అనుమానం. డెబ్భైల చివర్లో పుట్టి దేశదేశాలకు పాకిన రోగం ఇది. ఆ తర్వాత వైరస్ కొద్దికొద్దిగా మారుతూ కొత్త రకాలు తయారయ్యాయి. నా క్లాస్‌మేట్ లలిత ఒక ప్రయోగశాలలో ఆ రకాల మీదే పనిచేసేది. కేసులొస్తే నమూనాలు పంపమని ఎప్పటి నుంచో నా ప్రాణం తీస్తుండేది.

ఊరు మాత్రం అప్పటికే తీర్పు చెప్పేసింది. బస్టాండు పక్కన రత్తమ్మ ఇడ్లీ బండి ఉండేది. మిగిలిన ఇడ్లీలు రోజూ కుక్కలకు వేసేది. పందికొక్కుల బాధ పడలేక ఆ నెలలోనే ఆవిడ ఎలుకల మందు కొన్నదని అందరికీ తెలుసు. చచ్చిన కుక్కలన్నీ ఆ బండి దగ్గర తిరిగినవే. ఇంకేం కావాలి? కుక్కలకు మందు పెట్టిన చేత్తో ఇడ్లీలు వేస్తోందంటూ జనం అటు వెళ్ళడం మానేశారు. ఆ ఇంటికి ఉన్న ఆధారమల్లా ఆ పొయ్యే.

ఆ మాట మొదట అన్నది లెక్కల మాస్టారు కోటేశ్వరరావుగారు. ఆయన పొమేరియన్ జిమ్మీ చచ్చిపోయిన పొద్దున దాన్ని తువ్వాల్లో చుట్టుకుని వచ్చారు.

"మందు పెట్టి చంపారని రాసివ్వండి డాక్టరమ్మగారూ. నేను స్టేషన్‌కి వెళ్తానండి."

"చూడకుండా రాయడం నాకు రాదండి మాస్టారూ," అన్నాను కాస్త విసురుగానే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "కోసి చూడనిస్తారా?"

ఒప్పుకున్నారు. పెంచిన కుక్కను కోస్తుంటే చివరిదాకా పక్కనే నిలబడ్డారు. చిన్నపేగు ఎర్రగా కమిలి, లోపలి పొర ఊడిపోయి, నెత్తురునీళ్ళతో నిండి ఉంది. ఎలుకల మందుకుండే వెల్లుల్లి లాంటి ఘాటు కడుపులో ఎక్కడా లేదు. మందు కాదు, రోగమే అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మీరు రోజూ అక్కడే టిఫిన్ తింటారు కదండీ" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. కానీ ఊళ్ళో వాళ్ళూ ఆ మాటే అంటారు. నా మాట చాలదు, బయటి ప్రయోగశాల రిపోర్టు కావాలనుకున్నాను.

రత్తమ్మ ఆసుపత్రి మెట్ల దాకా వచ్చి ఏడ్చింది. "నా చేత్తో తిండి పెట్టిన కుక్కలేనండి అమ్మా. వాటికి మందెట్టా పెడతానండి?"

బాపట్ల, తెనాలి డాక్టర్లకు ఫోన్ చేశాను. అక్కడా ఇదే గోల. ఇద్దరూ మారుమాట లేకుండా నమూనాలు తీసి పెట్టారు. నిజాంపట్నం చేపల లారీవాళ్ళు మంచు ఊరికే ఇచ్చారు. మూడు ఊళ్ళ మలం నమూనాల సీసాలను ఆ మంచుతో థర్మాస్ ఫ్లాస్కుల్లో సర్ది లలితకు పంపాను. వాళ్ళ పద్ధతి తేలికైనది: పార్వో ఉంటే నమూనా కలిపిన పంది రక్తకణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఏ రకమో తేల్చడానికి ఇంకో పరీక్ష చేస్తారు. లలిత తన పని పక్కన పెట్టి మా సీసాలే ముందు చూసింది. ఆ మేలు మరిచిపోలేను.

మూడు ఊళ్ళ నమూనాల్లోనూ పార్వోనే ఉంది. మూడింట్లోనూ ఒకటే రకం, అదీ కొత్తగా వచ్చిన రకం. అంటే రోగం ఊరి నుంచి ఊరికి నడుస్తోంది. రత్తమ్మ బాపట్ల వెళ్ళి కుక్కలకు ఇడ్లీలు పెట్టలేదు కదా! అయితే బండి దగ్గర మూగిన కుక్కల మలంతో ఆ నేల మీదా వైరస్ చేరి ఉంటుంది. అదీ దాచలేదు. బ్లీచింగ్‌తో అంతా కడిగించమని, కుక్కలకు అక్కడ తిండి ఆపమని రత్తమ్మకు చెప్పాను.

రిపోర్టు మాస్టారి చేతికిచ్చాను. రెండుసార్లు చదివారు. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. అంతేనా ఈ మనిషి అని తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున, బస్సుల రద్దీ వేళ, ఆయన నేరుగా బండి దగ్గరికి వెళ్ళారు. క్లాసులో చివరి బెంచీకి వినబడే గొంతుతో, "రత్తమ్మా, నీ మీద ఆ మాట పుట్టించింది నేనే. అది తప్పు. కుక్కలు రోగంతో పోయినాయి. రెండిడ్లీ పెట్టు," అన్నారు. అక్కడే నిలబడి తిన్నారు. రత్తమ్మ కంగారులో చట్నీ రెండుసార్లు పోసింది. మాస్టారి వెనక మరో ఇద్దరు వచ్చి ప్లేట్లు అందుకున్నారు.

ఆయనకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. పెంచుకున్న కుక్క పోయిన బాధలో ఉండి కూడా అంత పని చేశారు. రోగం పేరు, రకం తేలిస్తే నా పని అయిపోయిందని అంతవరకూ అనుకునేదాన్ని. నింద పడ్డ మనిషి దగ్గరికి, నింద వేసిన వాళ్ళ నోటి మీదుగానే ఆ సంగతి చేరేదాకా కేసు ముగిసినట్టు కాదని రేపల్లెలో నేర్చుకున్నాను.