పదకొండు పేర్ల ప్రార్థన

మొన్న పాలకుర్తిలో బస్సు తప్పిపోయి ఆటో కోసం నిలబడి ఉంటే, నా ముందు ఆగిన ఆటో వెనక అద్దం మీద మా ఫుట్‌బాల్ క్లబ్బు పోస్టరు అంటించి ఉంది. పై డివిజన్‌లో మరో గెలుపు అని పెద్ద అక్షరాలు, వాటి కింద నీలం చొక్కాల్లో పదకొండుమంది కుర్రాళ్లు, వాళ్ల పక్కన చేతులు జోడించి నవ్వుతున్న మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు. కళ్లజోడు సవరించుకుని ఒక్కో ముఖమూ చూశాను. అందులో జనగామ వాళ్లు లేరు, కొడకండ్ల వాళ్లు లేరు, కొత్తగూడ అడవి పక్క తండాల వాళ్లు అసలే లేరు. "ఏంది పెద్దాయనా, గంత కిందమీద జూస్తున్నవ్, నువ్వు గిట్ల ఆడినవా ఏంది?" అని డ్రైవరు నవ్వాడు. ఆడిన బిడ్డా అని ఎక్కి కూర్చున్నాను కానీ, మిగతాది చెప్పడానికి ఆ దారి సరిపోదు. నా ఈడు వాళ్లయితే ఓపికగా వింటారని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మా కుర్రతనంలో ఆ క్లబ్బుకు ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది. అది ఎవరి నోటికీ పట్టక జనమంతా చర్చి టీం అనేవారు. చర్చి వెనక మొరం నేల మీద, పొద్దున్నే తుమ్మముళ్లు ఏరుకుని ఆడేవాళ్లం. బూట్లు అందరికీ సరిపడా ఉండేవి కావు కనుక, ఒక జతను ఇద్దరు పంచుకుని ఎవరికి ఏ కాలు వాటమో ఆ కాలికి తొడుక్కునేవారు. అలాంటి జట్టు ప్యాసింజరు బండిలో నిలబడి మానుకోట దాకా పోయి, రెండు బూట్లూ ఉన్న జట్లను ఓడించి వచ్చేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. జనగామ స్టేషన్‌లో దిగితే, ఎంతకెంత అని ఎదురొచ్చి అడిగేవాళ్లతో ఇంటికి చేరేసరికి పొద్దుగూకేది.

మమ్మల్ని నడిపించిన పాస్టరును అయ్యగారు అనేవాళ్లం. ఆయనకు ఆట గురించి పెద్దగా తెలియదు. కార్నర్ కిక్కు మాకు వచ్చినా అదేదో శిక్ష అనుకుని దిగులుపడేవారు. కానీ ప్రతి ఆటకు ముందు మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి, తాను నడుమ నిలబడి కళ్లు మూసుకుని, గోల్‌కీపర్ మొదలుకొని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవారు. పిలిచినవాడు "ఉన్న అయ్యగారూ" అనాలి. అనగానే వాడి ఇంట్లో ఉన్న కష్టమేదో దాన్ని దేవునికి విన్నవించేవారు. ఒకడి తల్లికి చలిజ్వరం, ఒకడి తండ్రి తాగుడు, నాకు లెక్కల పరీక్ష. జట్టులో సగంమంది చర్చికి రాని ఇళ్ల పిల్లలే అయినా వాళ్లను ఆయన మరేదీ అడగలేదు, ఉన్న అంటే చాలు. ఆ పదకొండు పేర్లూ అయ్యేసరికి, ఓడినా గెలిచినా ఎవడో ఒకడు మనల్ని ఎరుగును అన్న ధీమా ఒకటి కాళ్లలోకి దిగేది.

అయ్యగారు కాలం చేశారు, తోటివాళ్లు ఉద్యోగాలకు చెదిరిపోయారు, పిల్లల చేతుల్లోకి క్రికెట్టు బ్యాట్లు వచ్చాయి. నేను కొడకండ్లలో డ్రిల్లు సారుగా చేరి అక్కడే తల నెరిపించుకున్నాను.

రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం మా బావమరిది వచ్చాడు. చిన్నప్పుడు అతన్ని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆటలకు తీసుకుపోయింది నేనే, బంతి తన్నడం నేర్పింది నేనే. ఇప్పుడు చర్చిలో పెద్దల్లో ఒకడు, మాట నేర్పరి. చాప మీద కూర్చుని, "బావా, కింది డివిజన్ల లీగ్ పెడ్తున్నరు. మన చర్చి టీంను మళ్ల లేపుదాం" అన్నాడు. అది చచ్చి నలభై ఏండ్లయింది కదరా అన్నాను. "నాలుగు దినాలకు లేచినోడు మన గ్రంథంల ఉన్నడు గద. నలభై ఏండ్లకు ఇది లేవదా?" అన్నాడు. వంటింట్లోంచి నా భార్య పకపకా నవ్వింది. ముగ్గురం అక్కడే మోకరించాం. ప్రార్థన చేస్తుంటే నా కళ్ల వెంట నీళ్లు కారడం చూసి అతనూ ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగదని నేను ఇప్పటికీ అనలేను.

నన్ను కార్యదర్శిగా పెట్టారు. జట్టును ఏరడానికి ఆ ఎండాకాలమంతా బస్సుల్లో తిరిగాను. కొందరు జనగామలో మెకానిక్ షెడ్లలో దొరికారు, కొందరు కొడకండ్లలో నా దగ్గర చదివినవాళ్ల కొడుకులే. గోల్‌కీపర్ మాత్రం కొత్తగూడ పక్క తండాలో దొరికాడు. పోడు చేలో పనిచేసే ఇరవై రెండేళ్ల కుర్రాడు; బంతి ఎటు వస్తుందో అది రాకముందే అతని ఒంటికి తెలిసేది. అయితే అతని తల్లి ఒప్పుకోలేదు. పంట పని తీరగానే మేస్త్రీ వెంట పుణె వైపు వంతెన పనికి పోవాలని ముందే అనుకున్నారు. ఆట అంటూ కొడుకును ఆపుకుని, తీరా పక్కన కూర్చోబెడితే ఎట్లా అన్నది ఆమె భయం.

"ఎవ్వరొచ్చినా గోలు కాడ నీ కొడుకే నిలబడ్తడు చెల్లె. దేవుని ముందర చెప్తున్న" అన్నాను.

"మీ దేవుడా, మా దేవుడా సారూ?" అంది ఆమె, నవ్వు దాచుకుంటూ.

"నాకు ఎర్కున్నది ఒక్కడే."

"సరె తియ్యి. గాయిననే జూస్కుంటడు."

ఆ మాట మీద కొడుకును పంపింది. మిగతావాళ్లంతా నన్ను సారు అంటే అతనొక్కడే తాతా అనేవాడు. అయ్యగారి పద్ధతినే నేను మళ్లీ మొదలుపెట్టాను. మొదటి ఆటకు ముందు కళ్లు మూసుకుని అతని పేరు పిలిస్తే, "ఉన్న తాతా" అన్న ఆ గొంతు విని, నలభై ఏళ్లు వెనక్కి పోయినట్టయింది. ఆ ఏడాది మేం అంతగా ఓడలేదు. చివరికి భూపాలపల్లిలో బొగ్గుబావుల కార్మికుల జట్టును గెలిస్తే పై డివిజన్‌కు పోతామన్న దాకా వచ్చింది.

పిల్లలను వ్యాన్‌లో తాను తెస్తానని బావమరిది అన్నాడు. నేను పరకాల మీదుగా బస్సులో బయలుదేరాను. అది దారిలో ఆగిపోయి, నేను గ్రౌండు చేరేసరికి ఆట మొదలవబోతోంది. మా సంఘం అక్కలూ చెల్లెళ్లూ టెంపోలో వచ్చి అప్పటికే పాట ఎత్తుకున్నారు. షామియానా పక్కన ఎర్ర చొక్కాలు గుండ్రంగా నిలబడి తలలు వంచి ఉన్నాయి, ఎండకు తలల మీద తువ్వాళ్లు కప్పుకుని. "జల్ది రా బావా, ప్రార్థన జెయ్యి" అని అతను నన్ను నడుమకు తోశాడు. రొప్పుతూనే కళ్లు మూసుకున్నాను.

గోల్‌కీపర్ పేరు పిలిచాను. "సార్" అంది ఎవరిదో గొంతు. దుమ్ముకు గొంతు పట్టిందేమో అనుకుని అతని తల్లి కోసం, వాళ్ల పోడు భూమి కోసం ప్రార్థించాను. రెండో పేరు పిలిచాను. "యెస్ సార్" అన్నారు. మా పిల్లలెవరూ అట్లా అనరు. గుడ్డి తండ్రి ముందు అన్న వేషం వేసుకుని నిలబడిన తమ్ముడి కథ నేను ఆదివారపు బడిలో ఎందరికి చెప్పానో లెక్కలేదు. అయినా నేను కళ్లు తెరవలేదు. ప్రార్థన మధ్యలో కళ్లు తెరవడం నా ఒంటికి తెలియదు. మిగతా తొమ్మిది పేర్లూ తెలిసి తెలిసీ పిలిచాను. ఒక్కో పేరుకూ మా పిల్లల ఇళ్ల కష్టాలను దేవునికి చెప్పుకున్నాను, వాటిలో చాలావాటికి ఏ సంబంధమూ లేనివాళ్లు పలుకుతుండగా. చివర ఆమెన్ అని కళ్లు తెరిస్తే, పదకొండుమందిలో ఏడుగురు నేనెన్నడూ చూడనివాళ్లు. పట్నం నుంచి తెచ్చిన ఆటగాళ్లు.

సీజను మధ్యలో కొత్తవాళ్లను చేర్చే వీలు లేదు కనుక, బావమరిది మా పిల్లల పేర్ల మీద వాళ్లను ఆడిస్తున్నాడు. బరిలో ఉన్నది కాగితంలోని ఆటగాళ్లేనని కార్యదర్శి సంతకం చేయాలి. ఆ కాగితం నా ముందు పెట్టాడు.

"ఇదేందిరా? మన పోరగాళ్లేరి?"

"టెంటు ఎన్క కూసున్నరు. ఒక్క మ్యాచే బావా. పైకి పోయినంక మనోళ్లే ఆడ్తరు."

"వాళ్లకేం జెప్పినవ్?"

"నువ్వే జెప్పినవని జెప్పిన. నీ మాటయితెనే ఇంటరని."

అబద్ధ సాక్ష్యం పలకను, నాకు చేతకాదు అన్నాను. అప్పుడతను గొంతు తగ్గించి, చిన్నప్పుడు సైకిలు మీద నాతో మాట్లాడినంత దగ్గరగా వచ్చి అన్నాడు.

"పదకొండు పేర్లకు ప్రార్థన జేసినవ్ గద, దేవుని ముందట. ఇగ గీ కాయితమెంత?"

ఆ పక్కన అక్కలు పాడుతూనే ఉన్నారు. నేను సంతకం చేశాను.

రెండు గోల్స్‌తో గెలిచాం. పట్నం గోల్‌కీపర్ బాగానే ఆపాడు, అది ఒప్పుకోవాలి. ఆట అయ్యాక షామియానా వెనక్కి పోయి చూస్తే ఎవరూ లేరు. మా ఏడుగురూ నన్ను కలవకుండా బస్సెక్కి పోయారు. మరుసటి ఏడాది ప్రాక్టీసు పట్నానికి మారింది, మా పిల్లలకు పిలుపే రాలేదు. ఇదేమిటని బావమరిదిని అడిగితే, "నీ పేరు ఇంకా కమిటీల ఉన్నది గద బావా" అన్నాడు, నాకు కావలసింది అదే అయినట్టు. ఇప్పటికీ ప్రభువు బల్ల నాడు ఇద్దరం ఒకే వరుసలో నిలబడతాం. రొట్టె వచ్చేసరికి అతని చెయ్యి ముందే చాచి ఉంటుంది, నాది ఆలస్యంగా లేస్తుంది. నా భార్య ఆ రెండు చేతులనూ చూసి తల దించుకుంటుంది.

ఆట జరిగిన పదిహేను రోజులకు కొత్తగూడ పోయాను. గోల్‌కీపర్ అప్పటికే మేస్త్రీ వెంట వెళ్లిపోయాడు. తల్లి వాకిట్లో మక్కలు ఒలుస్తోంది. తిడుతుందనే పోయాను, తిడితే బాగుండుననే పోయాను. మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, మళ్లీ కంకి చేతిలోకి తీసుకుంది.

"సారూ, ఆ దినం కండ్లు మూస్కోని మావోని పేరు పిలిచినవట గద."

"పిలిచిన చెల్లె."

"వాడు టెంటు ఎన్కాలకెళ్లి ఉన్న అన్నడట. గట్టిగ అననీకె బుగులైందట. నీకు ఇనరాలేదా?"

నాకు వినరాలేదు. ఆమె మక్కలు ఒలుస్తూనే ఉంది.

ఇప్పుడు ఆటగాళ్లందరికీ ఫొటో ఉన్న కార్డులున్నాయట, పేర్లు కంప్యూటర్లో ఎక్కిస్తారట, ఎవరూ ఎవరినీ పిలిచే పని లేదు. చర్చి వెనక మొరం నేల చదును చేసి సిమెంటు పోశారు. ఆదివారం అక్కడ కార్లు నిలుపుతారు. సంఘంలో ఎప్పుడైనా నన్ను ప్రార్థన చేయమంటే అందరి కోసం కలిపి రెండు మాటలు చెప్పి కూర్చుంటాను, పేర్ల జోలికి పోను. ఇంట్లో మాత్రం పొద్దున్నే మోకరించి ఆ పదకొండు పేర్లూ పిలుస్తాను. మొదటి పేరు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.